ఇల్లు దొరికే ఊరు

జగ్గయ్యపేట,
14 జూన్ 1998

చిరంజీవి సౌభాగ్యవతి సూసన్‌కు,

బాబాయి సొలొమోను దీవించి రాయునది. దేవుని కృపవల్ల నేనూ మీ పిన్నీ క్షేమం. నువ్వూ, వెస్లీ, పాప హైదరాబాదులో బాగున్నారని తలుస్తాను. పోయిన ఆదివారం కీసర వెళ్ళి మీ అమ్మానాన్నలను చూసి వచ్చాను. ఆశీర్వాదం అన్నయ్య మోకాలు పట్టేసిందంటూనే చేలోకి వెళ్ళిపోయాడు. పుల్లమ్మ వదిన నీకు పంపమని ఆవకాయ కట్టి ఇచ్చింది. అటు వచ్చేవాళ్ళు దొరికితే పంపుతాను. ఈలోగా మీ పిన్ని జాడీ మూత తీయకుండా చూసుకోవడం నా పని.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూతులో ఆ ఎర్ర అంకెలు పరిగెడుతుంటే నాకు మాట రాదమ్మా. సోషల్ మాస్టారిని కదా, ఏదైనా మొదటి నుంచి చెప్పాలి.

మన పేటలో డాక్టర్ భారతీదేవిగారు ఆస్పత్రి మూసేస్తున్నారు. విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతారట. నీ చిన్నప్పుడు నీకు కామెర్లు వస్తే చూసింది ఆవిడే. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆవిడ తప్ప వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. ఇకమీదట కాన్పుకు బెజవాడో ఖమ్మమో పోవాలి. పోయిన నెల ఆవిడ ఊళ్ళో లేనప్పుడు మా స్కూలు అటెండరు కోడలిని బెజవాడ తీసుకెళుతుంటే కీసర వంతెన దగ్గర జీపులోనే కాన్పయింది. తల్లీ బిడ్డా దక్కారు. అది దేవుడి దయ, మన ఏర్పాటు కాదు.

పదో తరగతి ఫలితాలు రాగానే ఈ ఏడు కూడా సామాను లారీలు మొదలయ్యాయి. ఇంటర్ చదువులని తల్లులు పిల్లలను తీసుకుని బెజవాడలో గది అద్దెకు తీసుకుంటారు. తండ్రి ఇక్కడ కొట్టు చూసుకుంటూ హోటల్లో తింటాడు. రెండేళ్ళే అంటారు. ఆ తర్వాత ఇంజనీరింగు, ఆ తర్వాత ఉద్యోగం. తిరిగొచ్చిన లారీ ఒక్కటీ నేను చూడలేదు. ఇప్పుడు డాక్టరు కూడా లేకపోతే ఉన్నవాళ్ళు ఏ ధైర్యంతో ఉంటారు?

నువ్వు కాన్పుల చదువు చదివావు. భారతీదేవిగారు ఆస్పత్రి నీకైతే సంతోషంగా అప్పగిస్తానన్నారు. వెస్లీతో మాట్లాడి రాయి. తొందరేమీ లేదు, కాని త్వరగా రాయి.

మీ బాబాయి,
సొలొమోను


హైదరాబాదు,
5 జులై 1998

బాబాయికి, పిన్నికి వందనాలు.

ఉత్తరం అందింది. డ్యూటీ గదిలో ఇద్దరు జూనియర్లకు చదివి వినిపించాను. "తొందరేమీ లేదు, కాని త్వరగా రాయి" దగ్గర వాళ్ళు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో చాలాసేపు పని మీద మనసు నిలవలేదు.

మీ దగ్గర చదువుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. వేసవిలో పాలేరు ఎండిపోతే ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు పిన్ని గరిటెతో తోడేది. మిరపకాయల లారీలు వచ్చే కాలంలో స్కూలంతా తుమ్ములే. మీరు పానిపట్టు యుద్ధం చెబుతూ మధ్యలో తుమ్మితే యుద్ధం ఆగిపోయేది. ఒకసారి మా క్లాసునంతా వేదాద్రి తీసుకెళ్ళారు. గుడి బయట కృష్ణ ఒడ్డున కూర్చుని పులిహోర తింటూ, ఈ నీళ్ళు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో చెప్పారు. అది నేను ఇంకా ఎవరి దగ్గరా అంత బాగా వినలేదు.

వెస్లీ కాదనలేదు. తన బ్యాంకువాళ్ళను అడిగితే ఆ చుట్టుపక్కల ఏదో ఒక బ్రాంచికి వేస్తారట. ఇక్కడి ఆస్పత్రిలో నాకు పని బాగుంది, నేర్చుకుంటున్నాను. అది వదలడం కష్టమే, కాని అసాధ్యం కాదు.

అన్నీ సరే బాబాయ్. వస్తే ఎక్కడ ఉంటాం?

పాప మీకు ముద్దులు పంపింది, ఉత్తరం మీద ఆ మరక అదే.

మీ సూసన్


జగ్గయ్యపేట,
20 జులై 1998

అమ్మా సూసన్‌కు దీవెనలు.

నీ ఉత్తరం చూసి మీ పిన్ని వెంటనే కీసర కబురు పెడతానంది. వచ్చాక పెడుదువుగాని అని ఆపాను.

ఎక్కడ ఉంటామని అడిగావు. న్యాయమైన ప్రశ్నే, మీరు అపార్ట్‌మెంటుకు అలవాటు పడ్డవాళ్ళు. అయినా పేట నువ్వు చూసినప్పటిలా లేదు తల్లీ. సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని కొత్త ఇళ్ళు చాలా లేచాయి. లోపలే బాత్‌రూము, వంటింట్లో నిలబడి వండే గట్టు, మొజాయిక్ కాదు, పాలరాయి. మొన్న ఒక ఇల్లు చూశాను, మెట్లకు స్టీలు రెయిలింగు కూడా ఉంది. కరెంటు పోతుంది, అబద్ధం చెప్పను. ఇన్వర్టరు పెట్టుకోవచ్చట. ఇంగ్లీషు మీడియం స్కూలు వచ్చింది. పాపకు బస్సు ఇంటిముందుకే వస్తుంది.

మా పాలేటిగట్టు ఇంట్లో ఉండమని అననులే. మేమంటే రేకుల కింద గడిపేశాం. మీకు సరిపోయే సౌకర్యం ఉన్న ఇల్లు నేను చూస్తాను. దాని గురించి బెంగ వద్దు.

సొలొమోను


హైదరాబాదు,
16 ఆగస్టు 1998

బాబాయికి వందనాలు.

మీరు నన్ను పొరపాటుగా అర్థం చేసుకున్నారు. పాలరాయి గురించి నేను అడగలేదు. మీ రేకుల ఇంట్లోనే కదా నేను పెరిగాను.

1979లో మీకు పేటకు ట్రాన్స్‌ఫర్ అయింది. ఆరో తరగతిలో చేరడానికి నన్ను మీ వెంట తెచ్చుకున్నారు. అప్పుడు మనం చర్చి వెనక గదిలో దిగాం, గుర్తుందా? రోజూ సాయంత్రం మీరు ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు. పిన్ని జడలో పూలు పెట్టుకునేది. మనం ముగ్గురం ఇళ్ళు చూడటానికి వెళ్ళేవాళ్ళం. మొదట నాకు సరదాగా ఉండేది. అందరూ మంచినీళ్ళిచ్చేవాళ్ళు, మాస్టారని కుర్చీ వేసేవాళ్ళు. తర్వాత మీ ఇంటిపేరేమిటండీ అనేవాళ్ళు. లేకపోతే పిన్ని మెడలోకి చూసేవాళ్ళు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరూ లేదనలేదు. మా అల్లుడు వస్తున్నాడండీ, సున్నం వేయించాలండీ, అంతే.

ఒక ఇల్లు ఖాయమైంది. సామాను రిక్షాలో వేసుకుని వెళ్ళాం. ఆవకాయ జాడీ నా ఒళ్ళో ఉంది. గుమ్మంలోనే ఆయన వచ్చి, "ఏమనుకోకండి మాస్టారూ, మా బావమరిది కుటుంబం దిగుతోంది," అన్నాడు. మీరు ఫరవాలేదండీ అన్నారు. మనం ఏమీ చెప్పకముందే రిక్షా అతను బండి వెనక్కి తిప్పేశాడు. అతనికి అర్థమైంది. నాకు కావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

పేట అంటే నాకు ప్రేమ లేక కాదు. పాలేరు, వేదాద్రి, మీ యుద్ధాలు, అన్నీ నావే. కాని ఆ ఊరు మనల్ని చివరి వీధిలో, ఏటిగట్టున ఉంచింది. ఇప్పుడు ఊరు ఖాళీ అవుతోందంటే నాకు బాధ కలుగుతుంది, దాని వెంటే ఇంకో మాట కూడా వస్తుంది. రావాలనుకున్నవాళ్ళకు తలుపు తీయని ఊరు, పోయేవాళ్ళను చూసి ఎందుకు ఏడవాలి?

నన్ను రమ్మంటున్నది మీరా, ఊరా?

సూసన్


జగ్గయ్యపేట,
3 అక్టోబరు 1998

అమ్మా సూసన్,

జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపాను. నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించాను. విని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత, "చిన్నపిల్ల, దానికేం తెలియలేదనుకున్నామండి," అంది. నేనూ అలాగే అనుకున్నాను. నిన్ను రిక్షాలో ఎదురుగా కాకుండా మా మధ్య కూర్చోబెట్టుకుంటే సరిపోతుందనుకున్నాం.

రమ్మంటున్నది ఎవరని అడిగావు. రమ్మన్నది నేనే. ఊరు తరఫున మాట్లాడమని నన్ను ఎవరూ అడగలేదు.

ఒక్క కబురు మాత్రం చేరవేస్తాను. మొన్న భారతీదేవిగారు మన ఇంటికి వచ్చారు. వెళ్ళేముందు ఒక మాట అడగమన్నారు. రావడం, ఉండటం సంగతి అలా ఉంచి, నెలకు ఒక్కరోజు వచ్చి కడుపుతో ఉన్నవాళ్ళను చూసి వెళ్ళగలవా అని. రెండో శనివారమైతే నాకు కూడా బడి సెలవు. కాంపౌండరు పుల్లయ్య ఆస్పత్రి తలుపు తీసి ఉంచుతాడు. ఇది నేను రమ్మనడం కాదు, ఆవిడ అడగడం.

మిరపతోటలు ఈ ఏడు బాగున్నాయి. మీ నాన్న మోకాలు అలాగే ఉంది.

సొలొమోను


హైదరాబాదు,
21 ఫిబ్రవరి 1999

బాబాయికి,

నవంబరు నుంచి ప్రతి రెండో శనివారం వస్తున్నాను. తెల్లవారుజాము బస్సెక్కి చిల్లకల్లులో దిగి, ఆటోలో ఊళ్ళోకి వచ్చేసరికి ఆస్పత్రి వరండా నిండి ఉంటుంది. మీరూ పిన్నీ పెట్టిన అన్నం తిని సాయంత్రం బస్సెక్కుతాను. మనం ఇళ్ళ మాట ఎత్తలేదు. నేను సంతోషంగానే ఉన్నాను.

మొన్న మాత్రం పుల్లయ్య ఒక మాట అన్నాడు. "మాస్టారు ఇల్లు మాట్లాడేశారంట కదమ్మా, పెద్ద బజారు వెనక. ఇంక మీరు ఇక్కడే ఉంటారన్నమాట," అన్నాడు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ అప్పటికే తెలుసు. నాకు తప్ప.

బాబాయ్, నన్ను అడగకుండా ఎందుకు చేశారు? ఆ ఇల్లు నాకెందుకిస్తున్నారో నాకు తెలుసు. కాన్పులు చేస్తానని ఇస్తున్నారు. రేపు నేను మానేస్తే? లేక మీలాంటి ఒక బడిపంతులు అడిగితే? డాక్టరునని ఇచ్చే ఇల్లు నాకొద్దు. అలాంటి ఇంట్లో ఉంటే మీరు రిక్షా దగ్గర నిలబడ్డది రోజూ గుర్తొస్తుంది.

వచ్చే నెల రాలేను. పుల్లయ్యకు చెప్పండి.

సూసన్


జగ్గయ్యపేట,
1 మార్చి 1999

సూసన్‌కు,

పెద్ద బజారు వెనక ఇల్లు మాట్లాడింది నీకు కాదు. పుల్లయ్య తెలిసీ తెలియక అన్నాడు.

మార్చిలో నువ్వు రాకపోతే ఆరోగ్యం బాగాలేదని చెబుతాను. ఏప్రిల్లో నేను స్పాట్ వాల్యుయేషన్‌కు, అంటే పరీక్ష పేపర్లు దిద్దడానికి బందరు వెళతాను. మీ పిన్ని కీసరలో ఉంటుంది. నువ్వు వస్తే భోజనం ఏర్పాటు పుల్లయ్య చూస్తాడు.

సొలొమోను


హైదరాబాదు,
18 ఏప్రిల్ 1999

ప్రియమైన బాబాయికి వందనాలు.

నేను పేటకు వెళ్ళి వచ్చాను. ఈ ఉత్తరం బందరు పంపాలా, ఇంటికి పంపాలా తెలియక ఇంటికే పంపుతున్నాను.

మీరు లేరు కాబట్టి ఆడవాళ్ళు ధైర్యంగా మాట్లాడారు. మొదట శ్రీకాకుళం వైపు అమ్మాయి వచ్చింది. భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. వచ్చిన కొత్తలో ఆమె యాస విని ఇల్లివ్వలేదట. "మాస్టారు కూడా వచ్చి కూకున్నారమ్మా. ఆయనొచ్చాకే తలుపు తీసినారు," అంది. మీరు నాకు ఏమవుతారో ఆమెకు తెలియదు. తర్వాత ఒక టైలరు భార్య. వాళ్ళు ఖమ్మం నుంచి వచ్చారు, సాయిబులు. ఆమెకూ మీరే ఇల్లు చూపించారు. ఒక బ్యాంకు గుమాస్తా భార్య కూడా అదే మాట చెప్పింది. మధ్యాహ్నం కొత్త నర్సు వచ్చి పరిచయం చేసుకుంది. తిరువూరు అమ్మాయి. పెద్ద బజారు వెనక గది తనదేనట. ఒంటరి ఆడపిల్లకు ఎవరూ ఇవ్వకపోతే మీరు పిన్నిని కూడా తీసుకెళ్ళి మాట్లాడారట.

సాయంత్రం పుల్లయ్యను అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు. "మీకు తెలవదా? కొత్తగా ఊళ్ళోకొచ్చినోళ్ళెవరైనా ముందు ఇల్లు చూపించే మాస్టారి ఇల్లెక్కడ అనే కదమ్మా అడుగుతారు," అన్నాడు.

నేను మీ ఇంట్లో పెరిగాను. మీరు సాయంత్రాలు చొక్కా వేసుకుని బయటికి వెళితే యూనియన్ మీటింగు అనుకునేదాన్ని. ఎందుకు చెప్పలేదు బాబాయ్? పోయిన ఆగస్టులో నేను అంత ఉత్తరం రాసినప్పుడైనా ఎందుకు చెప్పలేదు?

ఫిబ్రవరిలో రాసిన మాటలకు క్షమించండి. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

మీ సూసన్


జగ్గయ్యపేట,
9 మే 1999

అమ్మా సూసన్‌కు దీవెనలు.

క్షమాపణలు ఎందుకు? నీకు కోపం రాకపోతే నేను భయపడేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదంటే, చెప్పుకునేంత పని అనిపించలేదు. మనకు పాలేటిగట్టు ఇల్లు దొరికిన ఏడాదికి మా స్కూలుకు కృపారావు అని డ్రాయింగు మాస్టారు వచ్చాడు. ఎక్కడ ఉంటున్నారంటే చెప్పేవాడు కాదు. చూస్తే సైన్సు గదిలో బల్లల మీద పడుకుంటున్నాడు. ఆ రోజు సాయంత్రం అతనితో కలిసి బయల్దేరాను. మనకు ఇవ్వని వీధుల్లోకే వెళ్ళాను. మనల్ని లేదన్నవాళ్ళు నన్ను చూసి సిగ్గుపడతారేమో అనుకున్నాను. సిగ్గుపడలేదు కాని, రెండోసారి వచ్చిన మనిషిని కాస్త కూర్చోమన్నారు. మూడోసారికి మజ్జిగ ఇచ్చారు. ఆ వేసవి అయ్యేలోగా కృపారావుకు ఇల్లు దొరికింది. అతను మూడేళ్ళ పోస్టింగుకు వచ్చినవాడు. ఇప్పుడు మనవళ్ళున్నారు, సొంత ఇల్లు కట్టుకున్నాడు, ముగ్గులేసినట్టు అక్షరాలు రాస్తాడని ఊళ్ళో సగం సైన్‌బోర్డులు అతని చేతివే.

నేను ఒక్కటి నేర్చుకున్నాను. ఇల్లు కావలసినవాళ్ళు ఎవరో, ఏమిటో ఇంటివాళ్ళు అడగకముందే చెప్పేస్తాను. అడిగాక చెబితే దొరికిపోయిన దొంగలా ఉంటుంది. ముందే చెబితే తలెత్తుకుని చెప్పినట్టుంటుంది. లేదనేవాళ్ళు ఎలాగూ లేదంటారు, చాలామంది అంటారు. అప్పుడు లేచి పక్కింటికి వెళతాం. నేను చూపించిన ఇళ్ళలో ఎక్కువ ఇప్పటికీ ఊరి చివరవే. ఊరు మారిపోయిందని నీకు రాయలేను. అందుకే పోయిన ఆగస్టులో ఏమీ రాయలేదు. నీ మాట నిజం. నిజాన్ని నేను చేసిన చిన్న పనితో కప్పడం ఇష్టం లేకపోయింది.

బెజవాడ వెళ్ళే లారీలను నేను ఆపలేను తల్లీ. మంచి కాలేజీ కట్టడం నా వల్ల కాదు. వచ్చినవాళ్ళు మొదటి నెలలోనే విసిగి వెనక్కి పోకుండా చూడటం ఒక్కటే నా చేతనవుతుంది.

ఇంకో సంగతి. నాకు నందిగామ ట్రాన్స్‌ఫర్ అయింది. ఆర్డర్లు వచ్చాయి. రిటైరయ్యేదాకా ఇక అక్కడే అనుకుంటాను. నిన్ను పేటకు రమ్మని, నేను పోతున్నాను. మీ పిన్ని నిన్నటి నుంచి పాలేరు వైపు వాకిట్లో కూర్చుని లేవడం లేదు.

బాబాయి


నందిగామ,
25 జులై 1999

చిరంజీవి సూసన్‌కు,

ఇల్లు దొరికింది. కాస్త కష్టమైంది. ఇక్కడ నాకు ఇల్లు చూపించే మాస్టారు ఎవరూ లేరు కదా. తెల్లవెంట్రుకలు వచ్చాక మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మాలెక్కడం కొత్తగా అనిపించింది. అయిదో ఇంట్లో ఇచ్చారు. ఓనరు దగ్గర కూర్చుని నేను చెప్పడం మొదలుపెట్టగానే మీ పిన్ని అందుకుని తనే అంతా చెప్పేసింది. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని వింటూనే ఉందన్నమాట.

నందిగామ మంచి ఊరే. హైవే మీద బస్సులకు లోటు లేదు, కీసర దగ్గర, ఆదివారాలు అన్నయ్య ఇంట్లోనే గడుస్తున్నాయి. అయినా సాయంత్రం అయ్యేసరికి పేట గాలి గుర్తొస్తుంది. పాలేటి మీద నుంచి వచ్చేటప్పుడు ఆ గాలికి తడిసిన ఇసక వాసన ఉండేది. ఇక్కడ బడి వదిలాక నన్ను ఎవరూ ఆపి మాట్లాడరు. అక్కడైతే బడి నుంచి ఇంటికి రావడానికి గంట పట్టేది. మీ పిన్ని విసుక్కునేది. నిన్న తనే అంది, "ఇంత తొందరగా ఇంటికొచ్చి ఏం చేస్తారండీ?"

పేట వాళ్ళు నన్ను ఎలా చూశారో నువ్వు రాశావు, కాదనను. ఆ ఊరే నన్ను మాస్టారూ అని పిలిచిందని కూడా ఇప్పుడు తెలుస్తోంది. రెండూ ఒకే ఊరు చేసింది. ఏది మర్చిపోవాలో నాకు తెలియడం లేదు.

నేను లేని ఊరికి నిన్ను రమ్మనలేను. నీ ఇష్టం. నెలకోసారి వస్తున్నావు, అదే చాలు. ఈసారి వచ్చినప్పుడు బస్సెక్కి నందిగామ దాకా వచ్చి వెళ్ళు. పిన్ని పులుసు పెడుతుంది.

సొలొమోను


జగ్గయ్యపేట,
28 నవంబరు 1999

బాబాయికి, పిన్నికి వందనాలు.

పైన ఊరి పేరు చూసి ఇది శనివారపు ఉత్తరం అనుకోకండి. ఇవాళ ఆదివారం. నేను ఇక్కడే ఉన్నాను.

వెస్లీకి కోదాడ బ్రాంచి ఇచ్చారు. బస్సులో వెళ్ళి రావచ్చు. హైదరాబాదులో రాజీనామా ఇచ్చాను. మీకు ముందే చెబితే చొక్కా వేసుకుని నందిగామ నుంచి బయల్దేరతారని తెలిసే చెప్పలేదు. ఈ ఇల్లు నేనే వెతుక్కోవాలి అనిపించింది. డాక్టరమ్మగా కాదు. అందుకే నా మొహం తెలిసిన ఆస్పత్రి వీధులు వదిలేసి కోట వెనక వైపు వెళ్ళాను. వెస్లీ పాపను ఎత్తుకుని వెంట వచ్చాడు.

మొదటి ఇంట్లో మీరు చెప్పినట్టే అడగకముందే చెప్పాను. ఆయన, "నిన్ననే వేరేవాళ్ళు మాట్లాడుకున్నారమ్మా," అన్నాడు. టు-లెట్ బోర్డు ఆయన తల వెనకే వేలాడుతోంది. రెండో ఇంట్లో బెజవాడలో ఉన్న తమ్ముణ్ణి అడగాలన్నారు. వెస్లీ నా మొహం చూసి, ఇవాళ్టికి చాలు పోదామన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కాని మీరు సాయంత్రం తర్వాత సాయంత్రం ఎలా వెళ్ళారో అనుకున్నాను. రెండిళ్ళకే నా కాళ్ళు పీకాయి.

మూడో ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ చేటలో పెసలు బాగు చేసుకుంటోంది. పేరు కనకవల్లి. భర్త పోయాడు, కొడుకులిద్దరూ హైదరాబాదులో. పై వాటా ఖాళీగా ఉంది. నేను నిలబడే చెప్పాను.

"మాది కీసరండీ. మా అమ్మా నాన్నా కూలిపని చేసి చదివించారు. మేం క్రైస్తవులం. ఇంట్లో మాంసం వండుకుంటాం. ఇవన్నీ తెలిశాక మీకు ఇష్టమైతేనే ఇల్లు చూపించండి."

ఆవిడ చెయ్యి చేట మీద ఆగిపోయింది. నా వైపు చూసింది, వెస్లీ వైపు చూసింది. పాప అప్పటికే అరుగెక్కి పెసల్లో వేలు పెట్టింది. ఆవిడ పాప వేలు మెల్లిగా తీసి పక్కన పెట్టింది.

"పంపునీళ్ళు రోజు మార్చి రోజు వస్తయ్యమ్మా," అంది. "తెల్లారకుండానే వదుల్తాడు. లేచి పట్టుకోగలరా? డ్రమ్ములున్నయ్యా మీకు?"

ఉన్నాయో లేవో నాకు గుర్తు రాలేదు బాబాయ్.  వెస్లీయే, "కొనుక్కుంటామండీ," అన్నాడు.

మెట్లెక్కుతూ ఆవిడ ఇంకోమాట అంది. "నీసు వండితే వెనక కిటికీ తీసుకోండి, ముందుది తియ్యకండి. మా అత్తగారి పటం ముందుగదిలో ఉంది." అత్తగారు పోయి చాలా ఏళ్ళయిందట, అయినా ఇంకా భయమేనట. ఆ షరతు నాకు కొంచెం గుచ్చుకుంది. కాని దాన్ని దాచకుండా మొహం మీద చెప్పింది కాబట్టి తీసుకోగలిగాను. తాళంచెవి చేతిలో పెట్టాక మీరేం చేస్తుంటారమ్మా అంది. చెప్పాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆ మాట ముందే చెప్తే పోయేది కదమ్మా," అంది.

"అందుకే చెప్పలేదండీ," అన్నాను.

రేపటి నుంచి ఆస్పత్రి రోజూ తెరుస్తాను. పుల్లయ్య బోర్డు రాయించడానికి కృపారావు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

మీ సూసన్


నందిగామ,
2 డిసెంబరు 1999

అమ్మా సూసన్‌కు మీ బాబాయీ పిన్నీ కలిసి రాయు దీవెనలు.

ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. స్టాఫ్‌రూములో చదవలేక బయటికొచ్చి సైకిల్ స్టాండులో నిలబడి చదివాను. ఇంటికొచ్చి మీ పిన్నికి చదివి వినిపించాను. ఒక చోట ఆగితే, తర్వాతేమైందో చెప్పండి అని గదమాయించింది. డ్రమ్ముల మాట దగ్గర మాత్రం తనే ఆపమంది.  తర్వాత లేచి వెళ్ళి మా నీలం డ్రమ్ము ఖాళీ చేసి కడగడం మొదలుపెట్టింది. రెండో శనివారం బస్సు మీద వేయించి తీసుకొస్తాం. కండక్టరుతో నేను మాట్లాడతాను.

కోట వెనక వీధులు నాకు తెలుసు. కనకవల్లిగారి ఇల్లూ తెలుసు. ఒకప్పుడు ఆ అరుగు మీద కూర్చున్నవాణ్ణే. అప్పుడు ఆ అత్తగారు బతికే ఉన్నారు. ఏమైందో నువ్వు ఊహించుకోగలవు. అది ఇప్పుడు కనకవల్లిగారితో అనకు.

ఇల్లు తెలిసినా సరే, గుర్తులు వివరంగా రాయి. ఏ మలుపు తిరగాలి, ఎదురుగా ఏ కొట్టు ఉంటుంది, మెట్లు ఎటువైపు, అన్నీ. అవి చూసుకుని రావడానికి కాదు. బస్టాండులో దిగాక డ్రమ్ము రిక్షాలో పెట్టించి, దారిలో కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి, సూసన్‌గారి ఇల్లెక్కడండీ అని అడుగుతూ వస్తాను. వాళ్ళు చెప్పింది సరిగ్గా ఉందో లేదో నేను చూసుకోవాలి.

మీ బాబాయి,
సొలొమోను